గేటు మాస్టారి నాలుగో పోటీ

ఓడిపోవడంలో ఆయనను మించినవాడు ఆ నియోజకవర్గంలో లేడని జనం చెప్పుకునేవారు. ముఖం మీద కాదు, వెనకాల. ముఖం మీద మాత్రం అందరూ 'మాస్టారూ' అనే పిలిచేవారు, ఎందుకంటే ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. బస్టాండు వెనక సందులో ఆయన డ్రైవింగ్ స్కూలు. ఒక గది, గోడకు రోడ్డు గుర్తుల పటం, గుమ్మం ముందు పాత కారు. ఆ కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉండేది. దాని మీద కాలుంచి కూర్చోవడం అలవాటైపోయి, అన్నం తినేటప్పుడు కూడా ఆయన కుడికాలు నేలను నొక్కుతూ ఉండేదని భార్య ఎగతాళి చేసేది.

'గేటు మాస్టారు' అన్న పేరు మాత్రం ఎన్నికలు తెచ్చిపెట్టింది.

రైలు పట్టాలు ఊరిని రెండు ముక్కలు చేశాయి. ఇళ్ళూ బజారూ ఇటు, పెద్దాసుపత్రి అటు, మధ్యలో గేటు. ఒకసారి గేటు పడిందంటే అది ఎప్పుడు లేస్తుందో పైనున్న దేవుడికి కూడా తెలియదు. ఒక మధ్యాహ్నం మాస్టారి వదినకు గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు గేటు దాకా వచ్చి ఆగింది. ఎదురుగా గూడ్సు బండి అడ్డంగా నిలబడిపోయింది. అది కదిలి గేటు లేచేసరికి ఆవిడకు ఆసుపత్రితో పని లేకుండా పోయింది. ఆ సమయంలో పక్కన ఉన్నది ఆవిడ భర్త, అంటే మాస్టారి అన్నయ్య ఒక్కడే. మాస్టారు అప్పుడు ఊరి చివర మైదానంలో ఎవరికో కారు వెనక్కి నడపడం నేర్పుతున్నారు.

వదిన అంటే ఆయనకు ప్రాణం. తల్లి లేని ఇంట్లోకి వచ్చి, ఆయనకు తలంటి, చొక్కా గుండీలు కుట్టి, పరీక్ష తప్పినప్పుడు నాలుగు తిట్టి, అన్నయ్యకు తెలియకుండా సినిమాకు పంపిన మనిషి. ఆవిడ పోయాక ఆయన వంతెన కావాలని ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ప్రతిచోటా కుర్చీ చూపించారు, తలూపారు, పంపించేశారు. చివరికి విసిగిపోయి శాసనసభ ఎన్నికలకు నామినేషను వేశారు. అన్నయ్యే దగ్గరుండి వేయించాడు.

ఆ సీటులో అప్పటికే పాతుకుపోయిన మనిషి ఒకాయన ఉండేవారు. చావింటికి వచ్చినా ఆయన ముఖంలో నవ్వు చెరిగేది కాదు గనుక అందరూ ఆయనను నవ్వులాయన అనేవారు. మొదటిసారి మాస్టారికి డిపాజిటు కూడా దక్కలేదు. రెండోసారి దక్కింది. మూడోసారి లెక్కింపు మధ్యలో నవ్వులాయన నవ్వడం మానేశారని చూసినవాళ్ళు చెప్పారు.

మూడుసార్లు ఓడిపోవడం అంటే మూడుసార్లు మాట్లాడటం కూడా. మొదటి పోటీలో మాస్టారికి మైకు పట్టుకుంటే చెమటలు పట్టేవి. "మా వదిన గేటు దగ్గర చనిపోయింది. వంతెన కావాలి" అని రెండు ముక్కలు చెప్పి దిగిపోయేవారు. రెండో పోటీకి ఆ రెండు ముక్కలూ రెండు పేజీలయ్యాయి. ఎక్కడ ఆగితే జనం నిట్టూరుస్తారో, ఎక్కడ గొంతు వణికితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారో ఆయనకు తెలిసిపోయింది. మూడో పోటీకి వదిన మాట్లాడటం మొదలుపెట్టింది. "మరిదీ, నా గతి ఇంకే ఆడపిల్లకీ పట్టనివ్వకు" అని అంబులెన్సులో ఆయన చెయ్యి పట్టుకుని చెప్పిందట! ఆ మాట మొదటిసారి ఎలా నోట్లోంచి జారిందో ఆయనకే తెలియదు. జారింది, చప్పట్లు పడ్డాయి. ఆ తర్వాత తీసేద్దామన్నా మనసొప్పలేదు.

ఆ రోజు సభలో వెనక వరసలో అన్నయ్య ఉన్నాడు. కుర్చీ మడిచి గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏ సభకూ రాలేదు. "దుకాణంలో పని ఎక్కువైందిరా" అనేవాడు. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. అందులో పని ఎప్పుడు ఎక్కువైందో, ఎప్పుడు తక్కువైందో మాస్టారికి తెలియనిది కాదు. అయినా నమ్మినట్టే ఊరుకున్నారు.

నాలుగో ఎన్నికలకు ఏడాది ఉందనగా ఒక ఉదయం మాస్టారు ఒక బ్యాంకు ఉద్యోగినికి డ్రైవింగు నేర్పుతూ గేటు వైపు వెళ్ళారు. పట్టాల పక్కన నలుగురు మనుషులు మూడుకాళ్ళ పరికరం పెట్టుకుని నేల మీద సున్నంతో గీతలు గీస్తున్నారు. వాళ్ళ వెనక పచ్చరంగు యంత్రం ఒకటి లారీ మీంచి దిగుతోంది.

"మాస్టారూ, వంతెన మొదలైపోయిందండోయ్! చివరికి మీ పంతమే నెగ్గింది!" అని ఆవిడ సంబరంగా స్టీరింగు వదిలేసి చప్పట్లు కొట్టింది. మాస్టారి కాలు బ్రేకును నొక్కింది. కారు గతుక్కుమని ఆగింది.

సంతోషం ఎక్కువై కాలు అలా నొక్కిందేమోనని తనను తానే మభ్యపెట్టుకున్నారు. ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"విన్నారా? వంతెన వస్తోందటగా! ఇంక మీరు వీధులు పట్టుకు తిరగక్కర్లేదు. హాయిగా ఇంటి పట్టున ఉండొచ్చు" అంది.

"మొదలుపెట్టగానే సరా? ముందు పూర్తి కానీ" అన్నారాయన చిరాగ్గా.

"అదేంటండీ, కడుపు మండినట్టు మాట్లాడతారు?"

ఆయన చెప్పులు విప్పడంలో మునిగిపోయారు.

గేటు పడితే జనానికి నరకం, మాస్టారికి సభ. ఎటూ కదలలేని వందమంది దొరికేది అక్కడే. వంతెన వస్తే ఆయన దేని గురించి మాట్లాడాలి? గేటు లేని గేటు మాస్టారిని ఎవరు పలకరిస్తారు? ఈ ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఆయన తేలు కుట్టిన దొంగలా దాన్ని లోపలే అణిచేసుకునేవారు. అది అక్కడ పెరుగుతూనే ఉంది.

దాన్ని బయటికి లాగినవాడు ఆయన లాయరు మిత్రుడు. "మాస్టారూ, ఆ వంతెన దారి బడి ఆటస్థలంలో ఒక మూల కోసేస్తోంది. పిల్లల పేరు చెప్పి కోర్టులో కేసు వేస్తే పని ఆగుతుంది. ఎన్నికలయ్యేదాకా ఆగితే చాలు కదా మీకు" అన్నాడు టీ తాగుతూ, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా.

"పిల్లల ఆటస్థలం ముఖ్యమే కదా" అన్నారు మాస్టారు.

"అదే నేనూ అంటున్నా" అని లాయరు నవ్వాడు.

కేసు మాస్టారి పేరు మీద వేయలేదు. ఆటస్థలం పరిరక్షణ సంఘం అని ఒకటి పుట్టించి, లాయరు తోడల్లుణ్ణి దానికి అధ్యక్షుణ్ణి చేశారు. కోర్టు స్టే ఇచ్చింది. సున్నం గీతలు వానకు చెరిగిపోయాయి. పచ్చ యంత్రం చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది.

అక్కడితో ఆగినా కొంత నయంగా ఉండేది. కానీ ఎన్నికలు వచ్చాయి. మాస్టారు మైకు పట్టుకుని ఆ యంత్రాన్ని వేలితో చూపించారు. "చూడండి, నవ్వులాయన చేసిన మోసం! ఓట్ల కోసం నాలుగు గీతలు గీయించాడు, పని ఆపించాడు!" జనం ఊగిపోయారు. ఇంత జనం మునుపు ఏ పోటీలోనూ రాలేదు. ఈసారి గెలుపు ఖాయమని ఊరంతా అనుకుంది. నవ్వులాయన కోర్టు సంగతి ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. నవ్వుతూ చెప్పేవాడి మాట ఎవరు నమ్ముతారు?

పోలింగు ఇంకో రెండు వారాల్లో ఉందనగా, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం గేటు పడింది. గూడ్సు బండి వచ్చి యథాప్రకారం అడ్డంగా ఆగింది. మాస్టారి ప్రచార వ్యాను వరసలో ముందే ఉంది. ఆయన దాని మీదికెక్కి మొదలుపెట్టారు. బళ్ళలోంచి జనం దిగి చుట్టూ మూగారు. వదిన కథ వచ్చింది. ఆయన గొంతు వణకాల్సిన చోట వణికింది.

"నా చెయ్యి పట్టుకుని మా వదిన అంది, మరిదీ..."

"మాస్టారూ! మైకు ఆపండి మాస్టారూ!"

వెనక నుంచి ఒక టాక్సీ డ్రైవరు పరుగెత్తుకొస్తున్నాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. "నా బండిలో అమ్మాయికి నొప్పులొస్తున్నాయి. మీ సౌండుకి ఆ పిల్ల అరుపులు ఎవరికీ వినపడటం లేదు!"

మైకు ఆగింది. అప్పుడు వినిపించింది ఆ అరుపు.

వరసలో, డ్యూటీకి వెళ్తున్న ఒక నర్సు స్కూటరు పక్కన పడేసి పరుగెత్తింది. "మగాళ్ళంతా అటు తిరగండి! ఏదైనా అడ్డం పట్టండి, గుడ్డ, దుప్పటి, ఏదో ఒకటి!" అని కేకేసింది. టాక్సీ డ్రైవరు వ్యాను మీదికెక్కి మాస్టారి బ్యానరు తాళ్ళు తెంపేశాడు. నలుగురు ఆడవాళ్ళు దాన్ని టాక్సీ తలుపు చుట్టూ తెరలా పట్టుకున్నారు. చేతులు జోడించి నవ్వుతున్న మాస్టారి బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో 'వంతెన మన హక్కు'. దాని వెనక ఆ అమ్మాయి ప్రాణం పోతున్నట్టు అరుస్తోంది. మాస్టారు తన బొమ్మకు ఎదురుగా, చేతిలో మైకుతో, ఏం చేయాలో తెలియక నిలబడిపోయారు.

చాలాసేపటికి అరుపు ఆగింది. ఇంకో అరుపు మొదలు కాలేదు. పక్కనున్న వాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. నర్సు ఏదో చరిచింది, ఇంకోసారి చరిచింది. అప్పుడు సన్నగా, గీసినట్టు, ఒక ఏడుపు.

ఆ అమ్మాయి తల్లి తెరను పక్కకు తప్పించి బయటికొచ్చింది. "మగపిల్లాడు" అంది ఎవరితోనో. తర్వాత మాస్టారిని చూసింది. చూడగానే ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వున్నావు కాబట్టి సరిపోయింది బాబూ. ఆ గుడ్డ లేకపోతే నడిరోడ్డు మీద నా బిడ్డ పరువేమయ్యేది? మా ఇంట్లో ఓట్లన్నీ మొదటినుంచీ నీకే. ఆ పాపిష్టివాడు పని ఆపించకపోతే ఈపాటికి వంతెన లేచేది, మాకీ కర్మ పట్టేది కాదు. నువ్వు గెలవాలి బాబూ. ఆ పని ఆపినవాడు పురుగులు పడి పోతాడు!"

మాస్టారు నోరు తెరిచారు. "అలా అనకమ్మా" అని మాత్రం అనగలిగారు. ఆవిడ దాన్ని కూడా మంచితనం కింద జమకట్టుకుంది.

గేటు లేచింది. టాక్సీ అటువైపు దూసుకుపోయింది. అమ్మాయికి రక్తం చాలా పోయిందని, ఏమీ చెప్పలేమని డాక్టర్లు అంటున్నారని సాయంత్రానికి కబురొచ్చింది. మాస్టారు ఆ పూట, మర్నాడు సభలన్నీ మానుకున్నారు. గొంతు బాగోలేదని చెప్పమన్నారు. మూడోనాడు ఉండబట్టలేక ఆసుపత్రికి వెళ్ళారు.

వార్డు బయట బల్ల మీద ఆ అమ్మాయి తల్లి కూర్చుని ఉంది. ఆయనను చూడగానే లేచి చోటిచ్చింది. "గండం గడిచిందన్నారు బాబూ" అని చేతుల్లోని మూటను ముందుకు చాపింది. "ఎత్తుకో. నీ బొమ్మ చాటునే పుట్టాడు కదా, నీ చల్లని చేతులు పడనీ."

మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు. "చేతులు బాగోలేవమ్మా, కడుక్కోలేదు" అన్నారు. ఆవిడ పక్కనే ఉన్న కుళాయి చూపించింది. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళి, చేతులు కడుక్కుంటూ, కడుక్కుంటూ, అట్నుంచి అటే మెట్లు దిగి వెళ్ళిపోయారు. అంతకంటే సిగ్గుమాలిన పని తన జన్మలో చేయలేదని మెట్లు దిగుతుండగానే అనిపించింది. కాదు, చేశాను, అది చేశాను కాబట్టే ఇది, అని కూడా అనిపించింది.

కాళ్ళు అన్నయ్య దుకాణానికి లాక్కెళ్ళాయి. అన్నయ్య బల్ల ముందు కూర్చుని ఒక అద్దం అంచు అరగదీస్తున్నాడు. తలెత్తి చూసి, ఎదురు కుర్చీ మీది అట్టపెట్టెలు తీసి కింద పెట్టాడు.

"అన్నయ్యా, వంతెన ఆపింది నేనే."

"తెలుసు."

మాస్టారు బిత్తరపోయారు. "ఎలా తెలుసు?"

"మీ లాయరు కళ్ళజోడు ఎవరు చేస్తారనుకున్నావు? ఫ్రేము బిగిస్తుంటే తన తెలివితేటలన్నీ చెప్పుకున్నాడు. నేను నీ అన్నయ్యనని కూడా మర్చిపోయాడు."

"మరి నన్ను అడగలేదేం? చెంప పగలగొట్టి ఉండాల్సింది కదా."

"మీ వదిన ఉంటే పగలగొట్టేది. నాకు చేతకాదు." అన్నయ్య అద్దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, మళ్ళీ కింద పెట్టాడు. "ఒకటి చెప్పనా? ఆ రోజు అంబులెన్సులో ఆవిడ ఏదో అంది. చివర్లో. చిన్న మాటే. కొన్నేళ్ళు నాకు బాగా గుర్తుండేది. రోజూ అనుకునేవాణ్ణి. నువ్వు మైకులో ఆ 'మరిదీ' మాట మొదలుపెట్టాక, ఊరంతా అదే అనడం మొదలుపెట్టాక, ఎప్పుడు తలుచుకున్నా అదే వినపడుతోందిరా. అసలుది పోయింది. ఎంత వెతుక్కున్నా దొరకట్లేదు."

మాస్టారికి ఆ కుర్చీ నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అన్నయ్య గొంతులో కోపం లేదు. ఎక్కడో పెట్టి మరిచిపోయిన తాళంచెవి గురించి చెప్పినట్టు చెప్పాడు. కోపం ఉంటే దానికి ఎదురు నిలబడొచ్చు. దీనికి ఎదురేముంది?

"ఏం చెయ్యమంటావు అన్నయ్యా?"

"నన్నడుగుతావేంట్రా? వంతెన ఎవరు కడితే నీకేం? కట్టనివ్వు."

మర్నాడే మాస్టారు కేసు వెనక్కి తీసుకోమన్నారు. లాయరు గోల పెట్టాడు. "చేతికొచ్చిన గెలుపు మాస్టారూ! పోలింగు అయ్యాక తీసుకుంటే ఏం పోయింది?" అన్నాడు. ఏం పోయిందో అతనికి చెప్పే ఓపిక మాస్టారికి లేకపోయింది. పోటీ నుంచి తప్పుకుందామంటే గడువు దాటిపోయింది.

చివరి సభ బజారు కూడలిలో. ఎప్పుడూ లేనంత జనం. భార్య ముందు వరసలో కూర్చుంది. ఆవిడకు పొద్దున్నే అంతా చెప్పారు. విని, "ముందు ఊరికి చెప్పి రండి, ఆ తర్వాత నాకు చెప్దురుగాని, ఎలా అనిపించిందో" అంది.

మాస్టారు మైకు పట్టుకున్నారు. మొదటి పోటీలో పట్టినట్టు చెమటలు పట్టాయి.

"వంతెన పని ఆపింది నవ్వులాయన కాదు. నేను. కేసు వేయించింది నేను. ఎన్నికల దాకా గేటు గేటులాగే ఉండాలని వేయించాను. మీతో అబద్ధం చెప్పాను. ఇంకోటి. మా వదిన చనిపోయినప్పుడు నేను పక్కన లేను. ఆవిడ నాతో ఏమీ అనలేదు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక మూల నుంచి "శభాష్ మాస్టారూ! నిజాయితీ అంటే ఇదీ!" అని ఎవరో అరిచారు. చప్పట్లు మొదలయ్యాయి! ఇంకో మూల నుంచి తిట్లు, ఈలలు. మాస్టారు తిట్లు వచ్చిన వైపు చూడగలిగారు గానీ చప్పట్లు వచ్చిన వైపు చూడలేకపోయారు. ఆ చప్పట్ల రుచి నాలుకకు ఇంకా తెలుస్తూనే ఉంది. ఈ మాట కూడా ఎక్కడ ఆగాలో అక్కడే ఆగి చెప్పానా అని అనుమానం వచ్చి, మైకు కింద పెట్టేశారు.

మధ్య వరసలో ఆ అమ్మాయి తల్లి లేచి నిలబడింది. ఆవిడ తిట్టలేదు. ఆయన వైపు కాసేపు చూసింది, పోల్చుకోలేని మనిషిని చూసినట్టు. కొంగు అంచుతో ముఖం తుడుచుకుని, కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయింది.

ఎన్నికల్లో మాస్టారు ఓడిపోయారు. డిపాజిటు మాత్రం దక్కింది. అంత చెప్పాక కూడా తనకు ఓటు వేసినవాళ్ళు ఎవరై ఉంటారా అని చాలా రోజులు ఆలోచించారు. దారిలో ఎవరైనా ఆప్యాయంగా పలకరిస్తే భయం వేసేది.

కేసు పోవడంతో పని మళ్ళీ మొదలైంది. ఆటస్థలం మూల పోయింది. దానికి బదులు బడి వెనక కొంత నేల ఇచ్చారు. ఏడాదిన్నరకు వంతెన లేచింది. ప్రారంభోత్సవానికి ముందు నవ్వులాయన స్వయంగా డ్రైవింగ్ స్కూలుకు వచ్చారు.

"వేదిక మీద మీకో కుర్చీ వేయించాను మాస్టారూ. ఉన్నమాట చెప్పుకోవాలి, మీరు మూడోసారి నా గుండెలు అదరగొట్టకపోతే నేనీ వంతెన జోలికి పోయేవాణ్ణి కాదు. ఇది సగం మీదే."

ఆ మాటతో మనసు తేలికపడాల్సింది, పడలేదు. "మీ మంచితనం. నేను రాలేను" అన్నారు మాస్టారు. నవ్వులాయన ఒక్క క్షణం నవ్వు ఆపి ఆయన ముఖంలోకి చూశారు. గుమ్మం దాటేటప్పుడు ఆయన భుజం తట్టి వెళ్ళారు.

ప్రారంభమైన వారం రోజులకు మాస్టారు అన్నయ్యను పాత కారులో ఎక్కించుకుని వంతెన మీదుగా తీసుకెళ్ళారు. కింద గేటు పడి ఉంది, గూడ్సు ఆగి ఉంది, ఎవరికీ పట్టలేదు. అన్నయ్య అద్దం దించి కిందికి చూశాడు. ఆసుపత్రి వైపు దిగుతుండగా, "ఇలా వస్తే ఏమైనా గుర్తొస్తుందేమో అనుకున్నాను" అన్నాడు. మాస్టారు ఎదురు చూశారు. అన్నయ్య అద్దం పైకెత్తి, "పోనీలే, ముందు చూసి నడుపు" అన్నాడు.

తర్వాతి ఎన్నికలకు మాస్టారు నామినేషను వేయలేదు. పోలింగు రోజు భార్యతో కలిసి బడి దగ్గర వరసలో నిలబడ్డారు. తెలిసినవాళ్ళు కొందరు "రండి మాస్టారూ, ముందుకు రండి" అన్నారు. వద్దని తల అడ్డంగా ఊపారు. ఆయనకు సరిగ్గా ముందు, అయిదేళ్ళ పిల్లాడి చెయ్యి పట్టుకుని ఒకావిడ ఉంది. పిల్లాడు వెనక్కి తిరిగి చూస్తుంటే ఆవిడా తిరిగింది. గేటు దగ్గర నొప్పులు పడ్డ ఆ అమ్మాయి తల్లే.

మాస్టారు నేల చూపులు చూశారు.

"ఈసారి నిలబడలేదా?" అంది ఆవిడ.

"లేదమ్మా."

"మంచిపని చేశావు" అంది.

అది తిట్టో, క్షమించడమో, ఊరికే అన్న మాటో ఆయనకు తెలియలేదు. అడిగే ముఖం లేదు. ఆవిడ పిల్లాడి చెయ్యి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని ముందుకు తిరిగింది. వరస కదిలింది. భార్య వెనక నుంచి మెల్లగా నెట్టింది, "నడవండి" అంటూ.